ఖారాకు రానూపోనూ

ఫ్రిజ్ తలుపు తెరిచి, తల లోపలికి దూర్చి, వాసన చూస్తున్నాడు జిలానీ.

"ఆకలేస్తోందా? అన్నం పెట్టమంటారా?" అని వెనక నుంచి ఒక గొంతు అడిగింది.

ఉలిక్కిపడి తల ఎత్తాడు. పై అర నెత్తికి ఠంగుమని తగిలింది. బయటికొచ్చి చూస్తే, ఒక అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది గానీ కళ్ళను మాత్రం ఆపుకోలేకపోతోంది.

"వాసన చూస్తేనే ఫ్రిజ్ సంగతి తెలుస్తాదండీ," అన్నాడు నెత్తి రుద్దుకుంటూ. "సరిగా చల్లబడనిది పులుపు కంపు కొడతాది."

"మాది ఏం కొట్టింది?"

"మామిడికాయ ఊరగాయ."

"అది మా అమ్మ చేతి మహిమ. ఫ్రిజ్ తప్పు కాదు. రేటు తగ్గించొద్దు."

బేరం మొదలు కాకముందే తాను ఒక మెట్టు దిగిపోయానని జిలానీకి అర్థమైంది. ఈ దేశంలో ఎన్నో ఇళ్ళు చూశాడు గానీ, గుమ్మంలోనే దెబ్బ తినడం ఇదే మొదలు.

సౌదీలోని దమ్మాంలో ఏ ఇంట్లోనైనా ఎగ్జిట్, అంటే దేశం వదిలి వెళ్ళిపోవడం, అనే మాట పుడితే, అది ముందు ఆఫీసుకు చేరుతుందో జిలానీకి చేరుతుందో చెప్పడం కష్టం. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన కొత్తలో అతను ఖోబర్‌లోని అల్ అజీజియాలో సెల్‌ఫోన్ల షాపులో కూర్చునేవాడు. సెల్‌ఫోన్ల షాపుల్లో ఇక ఈ దేశం వాళ్ళే కూర్చోవాలని ఒకనాడు హుకుం వచ్చింది. పక్క షాపుల వాళ్ళు తలలు పట్టుకుని కూలబడ్డారు. జిలానీ మాత్రం, ఒక తలుపు మూశారంటే గాలి ఎటు నుంచి వస్తోందో చూద్దామని వీధిలో నిలబడ్డాడు. గాలి సంసారాల వైపు నుంచి వస్తోంది. ఇక్కడ కాపురముంటున్న భార్యాబిడ్డల మీద తలకింత అని ఫీజు పడింది. ప్రతి జూలైకీ అది పెరుగుతుందని కూడా చెప్పేశారు. జనం మంచాలూ బీరువాలూ అమ్ముకుని పిల్లల్ని ఇండియాకు పంపేస్తున్నారు. అతని కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, ఒక పాత గోడౌన్ ఉంది. దాన్ని జిలానీ పాత సామాన్ల దుకాణంగా మార్చేశాడు. వెళ్ళేవాళ్ళ దగ్గర కొని, గదుల్లో ఒంటరిగా మిగిలే మగవాళ్ళకు అమ్మడం. ఒక్కోసారి ఇల్లు ఖాళీ చేసిన ఆసామే, సంసారాన్ని విమానం ఎక్కించి వచ్చి, తన మంచాన్నే తిరిగి కొనుక్కునేవాడు.

జిలానీకి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఏడుస్తున్న ఇంట్లో గొంతు పెంచకూడదు. బేరంలో అబద్ధం ఆడకూడదు. రెండోది నీతి కాదు, వ్యాపారం. అబద్ధం ఒకసారే అమ్ముడుపోతుంది.

ఈ ఇల్లు మౌలా సాహెబ్‌ది. కొరియా వాళ్ళ కంపెనీలో స్టోర్ కీపర్. ఆయన పొద్దున్నే పోతే రాత్రికి గానీ రాడు. బేరమంతా కూతురు నస్రీన్‌తోనే. పుట్టింది రాయచోటిలో అయినా నడక నేర్చింది దమ్మాంలో. ఇండియన్ స్కూల్లో చదువు, కరెస్పాండెన్స్‌లో డిగ్రీ, నాలుక మాత్రం సంత నుంచి వచ్చినట్టుంది. సోఫాకు ఆమె ఒక రేటు అంది, అతను ఇంకో రేటు అన్నాడు. వాషింగ్ మెషిన్ దగ్గర ఇద్దరూ ఒకరినొకరు దొంగల్లా చూసుకున్నారు. చివరికి అతను తన మనసులో గీసుకున్న గీత దాటి ఒప్పుకున్నాడు.

"సరే, మరి కొసరు?" అంది నస్రీన్.

జిలానీ నోరు తెరిచాడు. "కొసరు కొన్నోళ్ళు అడుగుతారండీ. అమ్మినోళ్ళు అడగడం యాడా చూడలేదు."

"ఇక్కడ అన్నీ తిరగబడ్డాయి కదా. ఇంటికి కట్టే అద్దె చాలదని మా నాన్న మా తలలకు కూడా అద్దె కడుతున్నాడు. నేను కొసరు అడిగితే తప్పొచ్చిందా?"

"ఏం కావాల?"

ఆమె వంటింటి గోడ చూపించింది. మౌలా సాహెబ్ కంపెనీ వాళ్ళ క్యాలెండర్. కొరియాలో ఏదో చిన్న ఊరి రైలు స్టేషన్ బొమ్మ. ఒకే ప్లాట్‌ఫారం, వెనక కొండ, గొడుగు పట్టుకున్న ముసలాయన. అంతకు మించి ఏమీ లేదు.

"అక్కడ వీకెండ్ వస్తే జనం రైలెక్కి ఇలాంటి ఊళ్ళకు పోతారట. నాన్న వాళ్ళ బాస్ చెప్పాడు. అక్కడ ఏమీ చెయ్యరట. నడుస్తారు, నూడుల్స్ తింటారు, వచ్చేస్తారు."

"ఏమీ చెయ్యకుండా ఉండడానికి టిక్కెట్టు కొంటారా?" జిలానీ నిజంగానే నివ్వెరపోయాడు.

"అదే పాయింట్! ఇన్నేళ్ళుగా దమ్మాం స్టేషన్‌ను బయటి నుంచే చూశాను. వెళ్ళిపోయేలోపు ఒక్కసారి రైలెక్కాలి. శనివారం నాన్నకు డ్యూటీ. అమ్మను, నన్ను తీసుకెళ్ళండి. అదే కొసరు."

లోపల్నుంచి తల్లి కరీమున్నీసా వచ్చింది. ఆవిడ వెంటనే, "హుఫూఫ్ దాకా రైలు ఉంది, ఆ పక్కనే ఖారా అని చిన్న ఊరు ఉండాదంట, ఖర్జూరం తోటలు, తెల్ల కొండ. ఆడికే పోదాం. నువ్వు రా అబ్బీ, మాకు తోడుగా ఉంటావు," అంది.

పరాయి మగవాడితో రైలు ప్రయాణానికి రాయచోటి తల్లి అంత తొందరగా ఒప్పుకుందంటే, వ్యాపారి అన్నవాడు అక్కడే అనుమానపడాలి. జిలానీ పడలేదు. అతని బుద్ధి అప్పటికే ఫ్రిజ్ పై అరకు తగిలి ఉంది.

*

ఒకే లారీలో తేవాల్సిన సామానును అతను ఆరు విడతలుగా తెచ్చాడు. ఒకనాడు సోఫా, ఒకనాడు కుర్చీలు, ఒకనాడు కుర్చీల మీది దిండ్లు. బండి నడిపే సలీం ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"భాయ్, దిండ్ల కోసం లారీ తీసుకుపోయిన మొనగాడివి నువ్వొక్కడివే. డీజిల్ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాల?"

"గోడౌన్‌లో చోటు లేదు, సలీం."

"గోడౌన్‌లో చోటు శానా ఉంది. నీ గుండెలోనే లేదు."

జిలానీ కసిరాడు గానీ, ఆ మాట నిజమే. వెళ్ళిన ప్రతిసారీ ఆమె టీ ఇచ్చేది, టీతోపాటు ఒక వాత కూడా పెట్టేది. "టేప్‌తో సోఫా కొలవడం ఇది నాలుగోసారి. పెరుగుతోందా?" అనేది. అతను సమాధానం వెతుక్కునేలోపు నవ్వుతూ లోపలికి పోయేది. ఇల్లు ఖాళీ అయ్యేకొద్దీ ఆ నవ్వు గోడలకు తగిలి ఇంకా గట్టిగా వినబడేది.

అతను లెక్క వేసుకున్నాడు. తన ఇఖామా మీద, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు మీద, వృత్తి అన్నచోట 'ఆమిల్' అని ఉంది, అంటే కూలీ. కూలీ ఇఖామాకు ఫ్యామిలీ వీసా రాదు. ఆమె మార్చి ఆఖరులో వెళ్ళిపోతుంది. ఎటు తిప్పి చూసినా లాభం లేని బేరం. అయినా ఒక్కమాట చెప్పాలి. చెప్పడానికి ఉన్నది ఈ శనివారం ఒక్కటే. ఆమె కాదంటే కాదనే తెలుసుకోవాలి. చెప్పకుండా వదిలేస్తే అది నష్టం కూడా కాదు, దొంగతనం. తనను తానే దోచుకున్నట్టు.

*

శనివారం పొద్దున వాన. దమ్మాంలో వాన పడితే జనం పెళ్ళి ఊరేగింపు చూసినట్టు బాల్కనీల్లోకి వస్తారు. నస్రీన్ స్టేషన్ మెట్ల మీద చెయ్యి చాచి, అరచేతిలో పడ్డ చినుకుల్ని చూసుకుంటూ నిలబడింది. ఆమె తొడుక్కున్న నల్ల అబాయా మీద చుక్కలు మెరుస్తున్నాయి. జిలానీ టిక్కెట్లు పట్టుకుని ఆ చుక్కల్నే చూస్తుంటే, వెనకున్న మనిషి అరబ్బీలో ఏదో గద్దించి ముందుకు తోసేశాడు.

రైల్లో మొదటి దెబ్బ తగిలింది. టిక్కెట్లు చూసే ఆయన వచ్చి, కుటుంబాలు కూర్చునే పెట్టెలో ఈ కుర్రవాడు ఎవరని అడిగాడు. జిలానీ తడబడ్డాడు. అంతలో కరీమున్నీసా గలగలమని అరబ్బీ అందుకుంది. అక్క కొడుకంది, చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగానంది, ఆయన పిల్లలు ఎంతమందని అడిగి, అందరికీ దీవెనలు పెట్టి పంపించేసింది.

"అమ్మా, మీకు ఇంత అరబ్బీ ఎట్ల వచ్చు?"

"పక్కింటి అరబ్బు ఆడోళ్ళతో ఇన్నేండ్లు ఒకే గోడకు ఆనుకుని కూర్చున్నా. రాదా?"

పైకి అమాయకంగా కనిపించే సరుకు లోపల గట్టిదని అప్పుడు తెలిసింది. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. టీ తెస్తానని నస్రీన్ క్యాంటీన్ పెట్టె వైపు వెళ్ళగానే, కరీమున్నీసా ముందుకు వంగింది.

"అబ్బీ, మంచం కొనేటప్పుడు కిందికి వంగి చూస్తావు గదా. ఏంటికి?"

"పైన దుప్పటి ఉంటాది గదమ్మా. అసలు చెక్క కిందే ఉంటాది."

"అందుకే నిన్ను పిలుచుకొచ్చినా. ఈ పొద్దు ఒక మనిషిని అట్ల కింద నుంచి చూసి చెప్పల్ల."

"ఎవర్నమ్మా?"

"నస్రీన్‌కు వచ్చిన సంబంధం."

లాభం గూబల్లోకి రావడమంటే ఏమిటో ఆ క్షణాన జిలానీకి తెలిసింది.

"అబ్దుల్ ఘనీ అని. మదనపల్లె పిల్లోడు. ఖారా ఆస్పత్రిలో ల్యాబ్ పని. ఫ్యామిలీ ఇఖామాకు పనికొచ్చే ఉద్యోగం. దీనికి ఇంకా చెప్పలా. చెప్తే రైలే ఎక్కదు." ఆవిడ గొంతు తగ్గింది. "మేం పోయినాక మీ మౌలా మామ ఒక గదిలో మంచం చూసుకోవాల. బిడ్డ గంట దూరంలో ఉంటే ఆ మనిషికి శుక్రవారం సెలవు పూటైనా ఇంటి అన్నం దొరుకుతాది. నా కండ్లకు అందరూ మంచోళ్ళే. నీ కండ్లకు అందరూ పాత సామానే. నీ మాటే నాకు కావాల."

నస్రీన్ మూడు కప్పులతో వచ్చింది. "ఏమైంది మీకు? మొహం సున్నం కొట్టినట్టుంది."

"రైలు ఊగుతాందండీ," అన్నాడు జిలానీ.

రైలు ఏదో సిగ్నల్ కోసం ఆగి ఉంది.

*

హుఫూఫ్ స్టేషన్ బయట ఒక పొడుగాటి మనిషి కారు పక్కన నిలబడి సలాం చెప్పాడు. చేతిలో గొడుగు. ముందు కరీమున్నీసాకు పట్టాడు, తాను తడుస్తూ.

నస్రీన్ ఆయన్ను చూసింది, తల్లిని చూసింది, తల్లి అబాయా కింద కనబడుతున్న కొత్త చీర అంచును చూసింది. అంతే, అర్థమైపోయింది.

"అమ్మా! ఇదా నా ట్రిప్?"

"మెల్లిగా మాట్లాడు. పిల్లోడు వింటాడు."

ఆమె గిర్రున జిలానీ వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"రైల్లో తెలిసింది."

"రైల్లో తెలిస్తే రైల్లోనే చెప్పొచ్చు కదా!"

"అప్పుడు చేతిలో టీ ఉండె."

ఆమె అతన్ని చూసిన చూపుకు, పాత ఫ్రిజ్ అయితే కొత్తగా గడ్డకట్టేది.

ఖారా ఊరు చాలా నెమ్మది. ఖర్జూరం చెట్ల మధ్య సన్నని దారులు, చెట్ల మొదళ్ళకు నీళ్ళు మోసే కాలువలు, ఎండకూ వానకూ తెల్లబడిపోయిన కొండ. ఒక దుకాణం ముందు ఇద్దరు ముసలివాళ్ళు మాటలు లేకుండా కూర్చున్నారు. నస్రీన్ కోపంగా ఉండాలని శాయశక్తులా ప్రయత్నించింది. కానీ కాలువ గట్టు మీద నాలుగడుగులు వేసేసరికి కోపం కాళ్ళలోంచి కారిపోయింది. చెప్పులు చేతిలో పట్టుకుని నడవసాగింది. జిలానీ ఆమెను చూడకుండా ఉండడానికి పనిలో పడ్డాడు.

పనంటే పనే. మాట ఇచ్చాడు. ఘనీ ఉండే ఇంటి కింద ఒక మలయాళీ కొట్టు ఉంది. నీళ్ళ సీసా కొంటూ కదిపి చూశాడు.

"పైన ఘనీ భాయ్ ఎట్లాంటోడు?"

"ఈ వీధిలో నా దగ్గర అరువు అడగని ఇండియన్ ఆయనొక్కడే," అన్నాడు కొట్టాయన హిందీలో. "ఆయన వల్ల నాకు మాట్లాడుకోవడానికి ఏమీ దొరకడం లేదు."

మెట్ల కింద బంగ్లాదేశ్ వాచ్‌మన్‌ను అడిగాడు. జ్వరం వచ్చినప్పుడు రక్తం పరీక్ష తనే చేయించాడట, గంజి కూడా కాచి ఇచ్చాడట. పైన వంటగదిలో గిన్నె తిరగేసి అడుగు చూశాడు, మసి లేదు. గ్యాస్ గొట్టం కొత్తది. తలుపు వెనక చూశాడు, ఉతకని బట్టలు లేవు. మంచం కిందికి వంగి మరీ చూశాడు. జత బూట్లు, అవీ తుడిచి ఉన్నాయి.

ఇంత చెడ్డ రోజు జిలానీ వ్యాపారంలో ఎప్పుడూ రాలేదు.

ఘనీ పప్పు తాలింపు పెడుతూ అడిగాడు. "మీరు వీళ్ళకు ఏమైతారు, జిలానీ భాయ్?"

"సామాను కొన్నోణ్ణి."

"అంతేనా?"

"అంతే."

ఘనీ ఒక క్షణం చూసి, తాలింపులో కరివేపాకు వేశాడు. ఆ చిటపటల్లో ఇద్దరికీ మాట్లాడే అవసరం తప్పింది.

భోజనాలయ్యాక కొండ చూడ్డానికి పోయారు. కొండ మధ్య చీలికల్లో చల్లని సందులు. కరీమున్నీసా మోకాళ్ళ నొప్పని బయట రాతి మీద కూర్చుని, "మీరు పోయి రండి నాయనా," అని ఘనీనీ నస్రీన్‌నూ పంపింది. జిలానీని మాత్రం చెయ్యి పట్టి ఆపింది. చిరుజల్లు మొదలైంది. లోపల్నుంచి ఒకసారి నస్రీన్ గొంతు, ఒకసారి ఘనీ గొంతు. మాటలు తెలియడం లేదు. ఒకసారి ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు జిలానీకి గునపంలా దిగింది.

బయటికొచ్చాక ఘనీ గొడుగు తెస్తానని కారు దగ్గరికి పోయాడు. నస్రీన్ జిలానీ పక్క నుంచి పోతూ ఆగింది.

"మీ ఇన్‌స్పెక్షన్ అయిందా?"

"అయింది."

"రిపోర్ట్?"

"రైల్లో చెప్తా."

"చెప్పండి, చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు అబద్ధం ఆడరట కదా." ఆ మాటలో వెటకారం ఉందో, వేడుకోలు ఉందో, ఎన్నో గొంతుల్ని తూచిన జిలానీకి తెలియలేదు.

*

సాయంత్రం రైలు కదిలింది. కిటికీ అద్దం మీద నీటి చారలు వెనక్కి పరుగెత్తుతున్నాయి. నస్రీన్ అటే చూస్తూ కూర్చుంది. ఎదురుగా కరీమున్నీసా, ఆవిడ పక్కన జిలానీ.

"చెప్పు అబ్బీ," అంది కరీమున్నీసా.

జిలానీ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, కింద నుంచి చూసినా, వెనక నుంచి చూసినా. అప్పు లేదు. అబద్ధం లేదు. ఒక్కడే ఉన్నా ఇల్లు శుభ్రంగా పెట్టుకున్నాడు. వాచ్‌మన్‌కు జరమొస్తే గంజి కాచి పోసినాడు. నేనింతవరకు ఇట్లాంటి మనిషిని చూడలేదు."

కిటికీ వైపు తిరిగి ఉన్న మెడ ఒక్కసారి బిగుసుకుంది.

"అయితే ఘనీకి ఫోన్ చేసి సరే అనమంటావా?"

ఇక్కడ ఊరుకుంటే బేరం ముగిసిపోతుంది. నష్టం ఒక్కడికే. మాట్లాడితే తల్లి నమ్మకం, తండ్రి శుక్రవారం అన్నం, అన్నీ తలకిందులు. తెలివైన వ్యాపారి ఊరుకుంటాడు.

"అనండమ్మా. కానీ నా మాట మీద మాత్రం అనొద్దు."

"ఏంటికి?"

"బేరంలో ఆశ ఉన్నోడు మధ్యవర్తిగా కూర్చోకూడదు. అది ద్రోహం. ఘనీలో లోపం లేదు, తూచిన త్రాసులో ఉంది."

"నాకు అర్థం కాలా నాయనా. నీకేం ఆశ?"

"నస్రీన్ అంటే నాకు ఇష్టమమ్మా."

కరీమున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నస్రీన్ తల తిప్పలేదు.

"నేను అమ్మకానికి లేను," అంది అద్దంతో.

"తెలుసండీ. నాకు వేరే భాష రాదు."

"నిన్ను అక్క కొడుకని చెప్పుకొస్తి గదరా!" కరీమున్నీసాకు ఇప్పుడు గొంతు వచ్చింది. "నమ్మి పిలుచుకొస్తి!"

"నమ్మినారనే చెప్తాండా అమ్మా. నమ్మకపోతే ఊరకుండేవాణ్ణి."

"నీ ఇఖామా మీద ఏముంది?"

"ఆమిల్."

"ఫ్యామిలీ వీసా?"

"రాదు."

"మరి ఏ మొహం పెట్టుకుని అడుగుతాండావు?"

"నేనూ ఎగ్జిట్ కొట్టించుకుంటా."

ఎగ్జిట్‌ల మీద బతికినవాడి నోట ఆ మాట విని, కరీమున్నీసా కొంగు దించింది. నస్రీన్ తల తిప్పింది. జిలానీ గబగబా చెప్పుకుపోయాడు. "ఇది ఊరికే అంటాండేది కాదమ్మా, లెక్కే. ఈ జూలైతో ఇంకా శానా ఇండ్లు ఖాళీ అవుతాయి. ఆ పైన కొనడానికి ఇండ్లుండవు. ప్రొద్దుటూరులో పాత సామాన్లకు మంచి షాపు లేదు. నేను చూసుకున్నా. మనిషిని పోషించే దోవ ఉంది."

"వావ్, ఎంత రొమాంటిక్," అంది నస్రీన్. "లెక్కల మాస్టారు ప్రపోజ్ చేసినట్టుంది."

"నువ్వు నోర్ముయ్యి," అంది తల్లి. "నేను ఘనీకి ఏం చెప్పాల ఇప్పుడు?"

"ఏమీ చెప్పక్కర్లేదు. నేను కొండ దగ్గరే చెప్పేశాను, వద్దని."

ఈసారి కరీమున్నీసా, జిలానీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎప్పుడు? ఇద్దరూ నవ్వుతాంటిరి గదా!" అన్నాడు జిలానీ.

"వద్దన్నానని నవ్వారు ఆయన. 'ఇంత నీట్‌గా ఎవరూ రిజెక్ట్ చెయ్యలేదు' అన్నారు. జెంటిల్‌మన్." నస్రీన్ ఇప్పుడు తల్లి వైపు తిరిగింది. గొంతులో ఆట పోయింది. "మీ వల్ల కాదు జిలానీ గారూ, పొంగిపోకండి. అమ్మా, చిన్నప్పటి నుంచి నేను నాన్న ఇఖామా వెనక ఒక పేరును. నాన్న కార్డు ఉంటే నేను ఉన్నాను, లేకపోతే లేను. ఇప్పుడు అక్కడి నుంచి ఇంకొకరి కార్డు వెనకకు మారాలా? మంచివాడే, చాలా మంచివాడు. కానీ మళ్ళీ ప్రతి జూలైకీ నా తలకు ఎంత అని లెక్క కట్టుకుంటూ ఉండలేను. ఇండియా వెళ్తాను. బి.ఇడి. చేస్తాను. నాకంటూ ఒక కార్డు ఉంటుంది."

"మీ నాన్న ఒక్కడే అయిపోతాడే." కరీమున్నీసా కళ్ళు నిండాయి.

"తెలుసమ్మా." నస్రీన్ వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడి, ఒళ్ళో తల పెట్టింది. "నాన్న సంగతి ఒక్కటే కొండ దగ్గర ఘనీ గారితో కూడా చెప్పలేకపోయాను."

జిలానీ లేచి తలుపు దగ్గరికి పోబోయాడు.

"మీరెక్కడికి?" తల ఎత్తకుండానే అడిగింది. "దిండ్ల కోసం లారీ తెచ్చిన రోజే మీ సంగతి నాకు తెలుసు. ఇన్నాళ్ళు నోరు విప్పకుండా, చివరికి ఇంకొకడికి ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఇచ్చి మరీ చెప్పారు. మీలాంటి వ్యాపారిని పెట్టుకుంటే ప్రొద్దుటూరు షాపు ఆరు నెలల్లో మూతపడుతుంది."

"అయితే?"

"అయితే ఏమిటి? షాపు లెక్కలు చూసేవాళ్ళు ఒకరుండాలి కదా."

జిలానీ చటుక్కున సీటు అంచు పట్టుకున్నాడు. ఈసారి రైలు నిజంగానే ఊగుతోంది.

కరీమున్నీసా ఫోన్ తీసింది. మౌలా సాహెబ్‌కు జరిగింది జరిగినట్టు చెప్పింది, ఘనీ సంగతి, కొండ సంగతి, పక్కన కూర్చున్న వాడి సంగతి. అవతల ఫోన్ కట్ అయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. రైలు బుఖైఖ్ స్టేషన్ దాటింది. దమ్మాం దీపాలు కనబడ్డాయి.

*

స్టేషన్ బయట మౌలా సాహెబ్ నిలబడి ఉన్నాడు. కంపెనీ నీలం బట్టలతోనే ఉన్నాడు, హెల్మెట్ చంకలో. డ్యూటీ మధ్యలో ఆయన బయటికి రావడం కరీమున్నీసా ఇదివరకు చూడలేదు. "ఏమైందండీ!" అని పరుగెత్తింది. ఆయన ఆవిణ్ణి పక్కకు జరిపి, నేరుగా జిలానీ ముందుకు వచ్చాడు.

"నువ్వేనా, మా ఇల్లు ఖాళీ చేసినోడివి?"

"నేనే మామా."

"ఇంకా ఏమీ తేలకముందే మామానా?"

జిలానీ నాలుక కరుచుకున్నాడు.

"బిడ్డ గంట దూరంలో ఉంటాదనుకుంటి." మౌలా సాహెబ్ కూతురి వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోయేలా ఉంది. "దానికి అక్కడ ఊరు తెలీదు, వీధి తెలీదు. కరెంటు బిల్లు యాడ కట్టాలో కూడా తెలీదు. వాళ్ళమ్మ మరిచిపోయి శానా ఏండ్లయింది. నేను ఈడ గదిలో పండుకుంటే నాకు నిద్ర పట్టాల గదా. పడతాదా?"

జిలానీ లెక్క వేయలేదు. "ఆడ నేనుంటా," అన్నాడు. "మీరు ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తుతా."

మౌలా సాహెబ్ అతన్ని పైనుంచి కింద దాకా చూశాడు. "మీ అమ్మ నంబరు చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆయన అక్కడే, కార్ల హారన్ల మధ్య, స్పీకర్ పెట్టి మోగించాడు. ప్రొద్దుటూరులో మహబూబ్బీ ఎత్తింది. ఎవరో పెద్దమనిషి సౌదీ నుంచి మీ కొడుకు గురించి మాట్లాడాలనగానే, ఆవిడ అడిగిన మొదటి మాట "మావాడు ఏమన్నా పగలగొట్టినాడా అన్నా?"

"ఇంకా తెలీదమ్మా. అది తేల్చుకుందామనే చేసినా," అన్నాడు మౌలా సాహెబ్.

నస్రీన్ ముందుకొచ్చి తండ్రి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. స్పీకర్ ఆపేసింది. "అత్తా, నేను నస్రీన్‌ని మాట్లాడుతున్నాను," అంటూ స్టేషన్ చూరు కింద దూరంగా నడిచింది. చూరు అంచు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ ధార వెనక ఆమె తల ఊపుతోంది, నవ్వుతోంది, ఒకసారి కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి కరీమున్నీసా కూడా పోయి ఫోన్‌కు చెవి ఆనించింది. ఇద్దరూ కలిసి ఇటు తిరిగి, జిలానీని చూసి, మళ్ళీ అటు తిరిగారు.

"ఏం మాట్లాడతాండారు?" అని గొణిగాడు జిలానీ.

"నాకూ అదే తెలీక ఇరవై అయిదేండ్లయింది," అన్నాడు మౌలా సాహెబ్. ఆ గొంతులో మొదటిసారి బిగువు తగ్గింది.

నస్రీన్ తిరిగొచ్చి ఫోన్ తండ్రి చేతిలో పెట్టింది.

"మా అమ్మ ఏమనింది?" జిలానీ అడిగాడు.

"ఏప్రిల్లో ఇంటికి రమ్మంది."

"ఏప్రిల్‌కు నా ఎగ్జిట్ రాదే! గోడౌన్ అప్పజెప్పాల, కఫీల్ సంతకం..."

"నిన్ను కాదు," అంది నస్రీన్. "నన్ను. అమ్మను కూడా. నువ్వు వీలున్నప్పుడు రా."

మొట్టమొదటిసారి తన బేరం తన ప్రమేయం లేకుండా, తన ఎదురుగానే జరిగిపోయింది. ఎంతకు, ఏయే షరతుల మీద అని అడుగుదామని జిలానీ నోరు తెరిచాడు.

మౌలా సాహెబ్ అప్పటికే వానలో కారు దాకా పోయి, ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తడుస్తాండావు, ఎక్కు," అన్నాడు జిలానీని చూసి.